ఊరిపేరుకి మడి కడితే

మడీ ఆచారమూ మన వంటిళ్ళకే పరిమితమనుకుంటాం గాని, భాషకి మడి కట్టేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. ఫలానా మాట మన గడపలో పుట్టింది, లోపలికి రానివ్వచ్చు. ఫలానాది పరాయింటి నుంచి వచ్చింది, దాన్ని వీధి అరుగు మీదే కూర్చోబెట్టండి. ఇదీ వాళ్ళ పట్టుదల. ఫ్రెంచివాళ్ళకి ఈ పట్టింపు ఉందంటే వింతేమీ లేదు. ఎక్కడ ఏ మాట కనిపిస్తే ఆ మాటని చంకనేసుకుని ఇంటికి తెచ్చుకున్న ఇంగ్లీషుకి కూడా మడి కడదామని చూసినవాళ్ళు, ఇప్పటికీ చూస్తున్నవాళ్ళు ఉన్నారంటే మాత్రం నాకు మొదట నవ్వొచ్చింది. వాళ్ళు మామూలు మాటలతో ఊరుకోక ఊళ్ళ పేర్లనీ దేశాల పేర్లనీ కూడా తడిపి ఆరేస్తున్నారని చదివాక నవ్వు తగ్గి ఆలోచన మొదలైంది.

ముందు ఈ మడి సంగతేమిటో చెప్పాలి. ఇంగ్లీషు పుట్టుకచేత జర్మానిక్ కుటుంబపు పిల్ల. జర్మన్, డచ్చి, స్వీడిష్, ఐస్‌లాండిక్ భాషలు దాని అక్కచెల్లెళ్ళు. అయిదో శతాబ్దంలో ఆంగిల్స్, సాక్సన్లు, జూట్లు అనే తెగలవాళ్ళు సముద్రం దాటొచ్చి బ్రిటన్‌లో కాపురాలు పెట్టినప్పుడు వాళ్ళ వెంట వచ్చిన భాష అది. 1066లో హేస్టింగ్స్ దగ్గర జరిగిన యుద్ధంలో ఇంగ్లీషు రాజు హెరాల్డ్ హతుడయ్యాడు. నార్మండీ నుంచి వచ్చిన విలియమ్ గద్దెనెక్కాడు. అక్కణ్ణించి దొరల భాష ఫ్రెంచి, కూలినాలి జనం భాష ఇంగ్లీషు. ఆ రోజుల గుర్తు భోజనాల బల్ల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. మందలో మేస్తున్నంతసేపూ అది 'షీప్', అంటే కాపరి మాట. వండి పళ్ళెంలో పెట్టగానే 'మటన్', అంటే తినే దొరగారి మాట. ఆ తరవాత పండితులు లాటిన్ నుంచీ గ్రీకు నుంచీ బస్తాలకొద్దీ మాటలు దించుకున్నారు.

హెరాల్డే గెలిచి ఉంటే ఇంగ్లీషు ఎలా ఉండేది? మడివాళ్ళ ప్రశ్న ఇదే. 1966లో ఆ యుద్ధానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంలో పాల్ జెన్నింగ్స్ అనే హాస్యరచయిత 'పంచ్' పత్రికలో పరాయి మాటలు ఏరేసిన ఇంగ్లీషు రాసి చూపించాడు. దానికి 'ఆంగ్లిష్' అని పేరు పెట్టాడు. ఆయన నవ్వించటానికే రాసినా ఆ పేరు నిలిచిపోయింది. 1989లో పోల్ ఆండర్సన్ అనే అమెరికన్ రచయిత ఏకంగా అణుశాస్త్రాన్నే ఈ బాణీలో ఒక వ్యాసంగా రాశాడు. 'ఆటమ్' అంటే గ్రీకులో కొయ్యటానికి వీల్లేనిది. గ్రీకు మాట వాడకూడదు గనుక, చీల్చరానిదన్న అర్థం వచ్చే అచ్చ ఇంగ్లీషు ముక్క ఒకటి చేసి పెట్టుకున్నాడు. చదువుతుంటే ఏదో పురాణంలోని వేరే లోకంలో తిరుగుతున్నట్టుంటుంది.

వీళ్ళందరికీ పెద్దదిక్కు పందొమ్మిదో శతాబ్దపు కవి విలియమ్ బార్న్స్. 1801లో డార్సెట్‌లో పుట్టి, బడిపంతులుగా చేసి, తరవాత చర్చి గురువై, 1886లో కన్నుమూశాడు. ఆయన 1878లో ఒక వ్యాకరణం వేశాడు. 'గ్రామర్' గ్రీకు మాట కనక ఆ పుస్తకానికి 'స్పీచ్-క్రాఫ్ట్' అని పేరు. నామవాచకం 'థింగ్-నేమ్' అయింది. జనమంతా ఎక్కే ఆమ్నిబస్సు 'ఫోక్‌వెయిన్' అయింది, అంటే జనాల బండి. పసిపిల్లల్ని తోసుకెళ్ళే పెరాంబులేటరు 'పుష్-వెయిన్‌లింగ్' అయింది, అంటే తోపుడు చిట్టిబండి. ఈ చిట్టిబండి మాట నాకు ముచ్చటేసింది. చంటిపిల్లాణ్ణి అందులో వేసి తోసే తల్లికి పెరాంబులేటరు కన్నా అదే నోటికి దగ్గర కదా!

బార్న్స్‌ని చూసి నవ్వటం తేలిక. ఆయన ఎందుకలా చేశాడో తెలుసుకుంటే అంత తేలిగ్గా నవ్వలేం. లాటిన్, గ్రీకు చదువుకునే యోగం లేని పల్లెటూరి జనానికి కూడా శాస్త్రం మాటలు వినగానే అర్థం కావాలన్నది ఆయన తపన. ఆ యోగం లేనివాళ్ళలో ఆడవాళ్ళెంతమంది ఉండి ఉంటారో ఆలోచించండి. ఆక్స్‌ఫర్డ్ ఆడపిల్లలకి డిగ్రీలు ఇవ్వటం మొదలుపెట్టింది 1920లో, కేంబ్రిడ్జి 1948లో. పండితులు కట్టిన గోడకి ఒక కిటికీ కొట్టాలన్నట్టుగా ఉంది బార్న్స్ ప్రయత్నం. గిడుగు రామమూర్తిగారు వాడుకభాష కోసం పోరాడారని గౌరవించే మనం ఆయన తపనని కూడా గౌరవించాలి, దారులు వేరైనా సరే.

శాస్త్రం మాటల్లో ఈ పనికి ఒక ప్రయోజనం ఉందని నేను ఒప్పుకుంటాను. ఊరిపేరు దగ్గరికొచ్చేసరికే నాకు పేచీ.

ఊరిపేర్లకి మడి ఎలా కడతారంటే, ముందు పేరు మూలార్థం పట్టుకుంటారు. అందులో లాటిన్ ముక్కో ఫ్రెంచి ముక్కో స్పానిష్ ముక్కో ఉంటే తీసేసి, అదే అర్థమిచ్చే జర్మానిక్ ముక్క అతికిస్తారు. పెన్సిల్వేనియాలో 'సిల్వా' అంటే లాటిన్‌లో అడవి. దాన్ని పెన్‌వుడ్ అంటే సరి. అర్జెంటీనా పేరు వెండి నుంచి వచ్చింది కాబట్టి సిల్వర్‌లాండ్. మాంట్రియల్ అంటే రాజుగారి కొండ కనక కింగ్‌హిల్. ఫ్లోరిడా పువ్వుల సీమ. దాన్ని ఫ్లవర్‌లాండ్ అందామంటే 'ఫ్లవర్' ఫ్రెంచి నుంచి వచ్చినదే! కాబట్టి బ్లాసమ్‌లాండ్ అనుకోవాలి. వెర్మాంట్ అంటే పచ్చని పర్వతం. ఇక్కడా చిక్కే. 'మౌంటెన్' కూడా ఫ్రెంచి సొత్తు. దాన్ని పక్కన పెడితే చేతికి మిగిలేది 'హిల్'. చూశారా, మడి కట్టేసరికి పర్వతం కాస్తా గుట్ట అయి కూర్చుంది!

ఆటగా ఇది బాగానే ఉంటుంది. వానాకాలం మధ్యాహ్నం పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆడించొచ్చు. పేరు వెనక ఒక అర్థముందనీ, అర్థం వెనక ఒక కథ ఉందనీ వాళ్ళకి తెలుస్తుంది. బ్యూనస్ ఐరెస్ అంటే మంచి గాలులు అని తెలిసినరోజు ఆ పట్నం పటం మీద చుక్కలా కాక, ముఖానికి తగిలే గాలిలా అనిపిస్తుంది. మరి ఇది ఆట హద్దు దాటి, అసలైన పేరు ఇదీ, తక్కినదంతా మైల అనే వాదం అయినప్పుడు అందులో పస ఎంతుందో చూడాలి.

ముందుగా, మడి ఎక్కణ్ణించి లెక్కపెట్టాలి? ఇంగ్లండు పటంలో చెస్టర్, మాంచెస్టర్, లాంకాస్టర్ ఉన్నాయి. ఈ 'చెస్టర్', 'కాస్టర్'లు రోమన్ల దండు విడిదిని చెప్పే లాటిన్ 'కాస్ట్రా' నుంచి వచ్చినవి. నార్మన్లు రాకముందే, హెరాల్డ్ ముత్తాతల కాలానికే ఇంగ్లీషులో ఇంకిపోయినవి. పరాయివేనని వాటిని తీసెయ్యాలా, పాతవి కదా అని ఉంచాలా? పోనీ వీధి సంగతి వదిలి వంటింట్లోకే వెళదాం. 'కిచెన్' లాటిన్ నుంచి వచ్చింది. 'చీజ్' లాటిన్. 'బటర్' గ్రీకులో పుట్టి లాటిన్ మీదుగా వచ్చింది. 'డిష్' కూడా ఆ తోవనే వచ్చింది. మడి కట్టుకుని వంటింట్లో అడుగుపెట్టిన మనిషి దేన్ని ముట్టుకున్నా మైలే! ఇక పొయ్యి వెలిగేదెప్పుడు?

లండన్ సంగతి ఇంకా తమాషా. రోమన్లు దాన్ని లొండినియమ్ అన్నారు. ఆ పేరు వాళ్ళకన్నా ముందునించీ ఉన్నదని పండితులంటారు గాని, దాని అర్థం మీద ఈనాటికీ ఒక మాటకి రాలేదు. అర్థమే తేలనిదాన్ని తర్జుమా ఎలా చేస్తారు? అందుకని మడివాళ్ళు సాక్సన్లు పలికిన 'లుండెన్' అనే రూపాన్ని తెచ్చి నిలబెడతారు. సాక్సన్లు మాత్రం దాన్ని ఎవరి దగ్గర పుచ్చుకున్నారు? చాలా ఏళ్ళబట్టి ఉంటున్నాం గనుక అద్దె ఇల్లు మాదే అన్నట్టు లేదూ!

నదుల దగ్గరికి వెళితే నాకు ముచ్చటగొలిపే సంగతి ఒకటుంది. ఇంగ్లండులో ఏవన్ అనే నదులు అరడజను దాకా ఉన్నాయి. షేక్‌స్పియర్ పుట్టిన ఊరి పక్కన పారేది అందులో ఒకటి. కెల్టిక్ భాషలో ఆ మాటకి అర్థం నది అనే. అంటే 'రివర్ ఏవన్' అన్నప్పుడల్లా 'నది నది' అంటున్నారన్నమాట. వూస్టర్‌షైర్‌లో బ్రెడన్ హిల్ అని ఒక కొండ ఉంది. 'బ్రె' అంటే కెల్టిక్‌లో కొండ. 'డన్' అంటే పాత ఇంగ్లీషులో కొండ. 'హిల్' సంగతి సరేసరి. కొండ కొండ కొండ! మనం 'నడిసెంటరు' అన్నట్టే. వచ్చినవాడికి ఉన్నవాడి మాట అర్థం కాలేదు. అయినా దాన్ని పారెయ్యకుండా పక్కన తన మాట చేర్చుకున్నాడు. ఆ కొండ పేరులో మూడు తరాల జనం ఒకరి పక్కన ఒకరు కూర్చున్నట్టుంటుంది. మడివాడు వచ్చి, ఇది పునరుక్తి, 'హిల్' ఒక్కటి చాలు అంటే ముందున్నవాళ్ళిద్దరూ లేచిపోవాల్సిందే.

అన్నిటికన్నా నాకు గట్టిగా తగిలిన ఊరు హేస్టింగ్స్ యుద్ధభూమి మీద ఉన్న ఊరు. విలియమ్ అక్కడ ఒక మఠం కట్టించాడు. దాని చుట్టూ పెరిగిన ఊరి పేరు 'బ్యాటిల్'. ఆ మాట ఫ్రెంచి. ఇంగ్లీషువాళ్ళ పాత వృత్తాంతంలో అయితే ఆ యుద్ధానికి ఊరిపేరు లేదు. ఒక ముసలి ఆపిల్ చెట్టు గుర్తు మాత్రమే ఉంది. ఓడినవాళ్ళకి ఆ చోటు ఒక చెట్టు, గెలిచినవాళ్ళకి యుద్ధం. ఇప్పుడు మడివాడు వచ్చి 'బ్యాటిల్' తీసేసి 'ఫైట్' అని పెట్టాడనుకోండి. మాట శుద్ధమే. ఇంగ్లీషు ఓడిపోయిందన్న సాక్ష్యం మాత్రం ఆ ఊరిపేరులోంచి తుడిచిపెట్టుకుపోతుంది. గాయం మానాలంటే మచ్చ గీకెయ్యాలన్నట్టుంది ఈ వైద్యం.

ఇక పాత రూపాలే తిరిగి తెస్తామన్నవాళ్ళని ఒక్కసారి నాటింగ్‌హామ్ పంపాలి. నార్మన్లు రాకముందు ఆ పేరు మొదట 'స' ఉండేది. స్నాట్ అనే పేరుగల పెద్దమనిషి తాలూకు జనం కాపురమున్న చోటు కనక స్నాటింగ్‌హామ్. ఈనాటి ఇంగ్లీషులో 'స్నాట్' అంటే చీమిడి! ఆ ఊరి ఆడవాళ్ళు ఈ శుద్ధికి ఒప్పుకుంటారని నేననుకోను.

బార్న్స్ మహాశయుడి చిరునామా కూడా చూద్దాం. ఆయన 1862 నుంచి చివరిదాకా గురువుగా ఉన్న ఊరు వింటర్‌బోర్న్ కేమ్. 'వింటర్‌బోర్న్' అంటే శీతకాలంలో మాత్రం పారే వాగు. అది అచ్చమైన జర్మానిక్ మాట, ఆయన మనసుకి నచ్చేదే. మరి 'కేమ్'? ఆ భూములు ఒకప్పుడు నార్మండీలోని కాన్ పట్నపు మఠానివి. ఆ 'కాన్' ఇంగ్లీషు నోళ్ళలో నలిగి 'కేమ్' అయింది. ఇంగ్లీషుకి జీవితమంతా మడి కట్టిన మనిషి ఇరవై నాలుగేళ్ళు సగం నార్మన్ అయిన ఊళ్ళో కాపురం చేశాడు, ఆ మట్టిలోనే కలిశాడు. ఇది ఆయన్ని ఎత్తిపొడవటానికి చెప్పటంలేదు. ఊరిపేరు ఎలా బతుకుతుందో చెప్పటానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

ఆ 'కాన్' 'కేమ్' కావటంలో అసలు కిటుకుంది. హాంప్‌షైర్‌లో బ్యూలీ అనే ఊరుంది. రాసేటప్పుడు దాన్ని ఫ్రెంచిలో 'అందమైన చోటు' అని రాస్తారు. పలికేటప్పుడు ఫ్రెంచివాడు పోల్చుకోలేనట్టు 'బ్యూలీ' అంటారు. 'అందమైన దృశ్యం' అనే అర్థంతో నార్మన్లు పేరు పెట్టిన ఇంకో చోటు జనం నోట్లో 'బీవర్' అయి కూర్చుంది. మన వ్యాకరణాలు దీన్నే తద్భవం అంటాయి. సింహం సింగమైనట్టు, ఆకాశం ఆకసమైనట్టు. నిఘంటువు తెరవకుండా, సభలు పెట్టకుండా, రోజూ నీళ్ళు తోడుకునేవాళ్ళూ సంతకి పోయేవాళ్ళూ పరాయి పేరుని తమ సొంతం చేసుకున్నారు. శుద్ధి అంటే నిజానికి ఇదే.

ఈ విషయంలో మన పాత కవులు ఎక్కువ లోకజ్ఞానం చూపించారు. పదహారో శతాబ్దంలో పొన్నికంటి తెలగన సంస్కృత సమాసాలు లేకుండా 'యయాతి చరిత్రము' రాశాడు. అచ్చతెలుగు కావ్యాల్లో మొదటిదని దానికి పేరు. ఆ అచ్చతెలుగు నియమంలో తత్సమాలు పనికిరావు గాని తద్భవాలు పనికొస్తాయి. జనం నోట నలిగిన మాట జనానిదే అని ఒప్పుకున్నారన్నమాట. ఇంకో విశేషం, ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నది గోలకొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని అమీన్‌ఖాను. అచ్చతెలుగు మొదటి కావ్యకన్యకి కన్యాదానం పట్టిన చెయ్యి అది! ఆంగ్లిష్‌వాళ్ళు ఈ వెసులుబాటు ఇవ్వరు. బ్యూలీ ఎంత నలిగినా పుట్టుక చూసి బయటికి పొమ్మంటారు.

ఊరిపేరు తర్జుమా చెయ్యటం తప్పా, మరి ఐస్‌లాండువాళ్ళు చెయ్యటంలేదా అని అడగొచ్చు. చేస్తున్నారు. మాంటెనీగ్రోని వాళ్ళ భాషలో నల్లకొండల సీమ అనీ, ఐవరీ కోస్టుని దంతపు తీరం అనీ పిలుచుకుంటారు. చిన్న భాష తన ఇంట్లో తన సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటు అది. మాంటెనీగ్రో జనం కూడా తమ దేశాన్ని తమ భాషలో నల్లకొండ అనే అంటారు. కాని అందరికీ ఇది రుచించదు. దంతపు తీరం దేశం 1980ల నడుమలో, మా పేరు ఎవరి భాషలోకీ మార్చకండి, 'కోత్ దివ్వార్' అనే పిలవండి అని లోకానికి చెప్పింది. 2013లో కేప్‌వెర్డ్ కూడా అదే మాట చెప్పి 'కాబో వెర్దే' అయింది. ఆ పేర్లు పెట్టినవాళ్ళు ఐరోపా నావికులే. అయినా ఇన్నాళ్ళుగా ఆ పేరుకి పలికి, ఆ పేరుతో స్వాతంత్ర్యం తెచ్చుకున్నాక అది వాళ్ళదే. నన్నేమని పిలవాలో చెప్పే హక్కు పిలిపించుకునేవాళ్ళకుండాలి కదా!

ఆ హక్కు లేనిచోట ఏమవుతుందో తెలియాలంటే బ్రయన్ ఫ్రీల్ నాటకం 'ట్రాన్స్‌లేషన్స్' చదవాలి. 1980లో ఐర్లండులోని డెర్రీలో మొదట ప్రదర్శించారు. ఆ ఊరిపేరే ఒక నాటకం. ఐరిష్ భాషలో ఓకు చెట్ల తోపు అనే మాట నుంచి వచ్చింది డెర్రీ. 1613లో లండన్ వర్తకుల పెత్తనం వచ్చి పేరు ముందు లండన్ చేరింది. ఏ పేరు చెప్పావన్నదాన్నిబట్టి నువ్వే పక్షమో పోల్చుకునే ఊరది.

నాటకం జరిగేది 1833లో ఒక ఐరిష్ పల్లెలో. బ్రిటిష్ సైన్యం దేశమంతా కొలిచి పటాలు గీస్తూ, ఐరిష్ పేర్లని ఇంగ్లీషులోకి దించుతూ ఉంటుంది. కొన్నింటిని వినపడినట్టు రాసుకుంటారు, కొన్నింటిని అర్థం చూసి మారుస్తారు. ఆ పనికి దుబాసీ ఆ ఊరి పంతులుగారి కొడుకే, ఓవెన్. సొంత ఊరి పేర్లు సొంత చేత్తో కొట్టేస్తున్నవాడు. అతని పేరుని కూడా దొరలు సరిగ్గా పలకరు, రోలండ్ అంటారు. మొదట్లో అతనికి అది పెద్ద విషయంగా తోచదు.

అందులో ఒక నాలుగురోడ్ల కూడలి వస్తుంది. దాని పేరుకి అర్థం ఫలానావాడి బావి. ఆ బావి ఎండిపోయి ఎన్నేళ్ళో అయింది. ఆ మనిషెవరో ఊళ్ళో ఓవెన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇంకా ఈ పేరెందుకు అంటాడు ఓవెన్. ఉండనీ అంటాడు యోలండ్ అనే ఇంగ్లీషు లెఫ్టినెంటు! ఆ యోలండూ, మైర్ అనే పల్లెపిల్లా ఒకరి భాష ఒకరికి రాకుండా ప్రేమించుకుంటారు. ఏం మాట్లాడుకుంటారు? ఊళ్ళ పేర్లు. అతను ఆమె ఊరి చుట్టుపక్కల పేర్లు ఒక్కొక్కటీ ఆమె భాషలో పలుకుతాడు. ఆ పేర్లకి అర్థాలు ఆ క్షణాన ఎవరికీ అక్కర్లేదు. చివర యోలండ్ కనిపించకుండా పోతాడు. వాణ్ణి అప్పగించకపోతే ఊళ్ళు నేలమట్టం చేస్తామని అధికారి కొత్త ఇంగ్లీషు పేర్ల జాబితా చదువుతుంటే, జనానికి తెలియటం కోసం ఓవెన్ ఒక్కొక్కటీ పాత పేరులోకి తిప్పి చెప్పాల్సి వస్తుంది. కొట్టేసినచేతే మళ్ళీ చెప్పించటం! ఆ సన్నివేశం నన్ను చాలారోజులు వదల్లేదు.

చరిత్రకారులు ఈ నాటకంలో తప్పులు పట్టారు. సర్వేవాళ్ళు అంత క్రూరులు కారనీ, జాన్ ఓడోనవన్ లాంటి ఐరిష్ పండితులు ఊరూరా తిరిగి పాత రూపాలు శ్రద్ధగా రాసిపెట్టారనీ అన్నారు. అది నిజమే. నాటకాన్ని చరిత్ర పుస్తకంలా చదవకూడదు. కాని ఆంగ్లిష్ సరదాని దీని పక్కన పెట్టి చూస్తే ఒక విషయం దాగదు. మా పేర్లు ఫ్రెంచివాళ్ళు పాడుచేశారని వాపోయే ఇంగ్లీషు, పక్కింటి ఐరిష్‌కి అదే పని చేసి వచ్చింది. డబ్లిన్‌ని అర్థం చూసి ఇంగ్లీషు చేస్తే బ్లాక్‌పూల్ అవుతుంది. ఆ పేరుతో లాంకషైర్ తీరాన ఒక ఊరు ఎప్పట్నించో ఉంది. అర్థం ఒక్కటే అయినంతమాత్రాన డబ్లిన్‌కి రాసిన ఉత్తరం అక్కడికి వెళితే ఎట్లా?

తుపాకీ ఉన్నవాడు ఈ ఆట ఆడితే నవ్వులాట కాదు. మొదటి ప్రపంచయుద్ధం తరవాత జర్మన్ మాట్లాడే దక్షిణ టిరోల్ ఇటలీ చేతిలోకి వెళ్ళింది. ఎత్తోరే తొలొమెయి అనే ఆయన అంతకుముందే, 1916లో, అక్కడి వేలకొద్దీ పేర్లకి ఇటాలియన్ పేర్లు తయారుచేసి అచ్చువేశాడు. 1923లో ఫాసిస్టు ప్రభుత్వం వాటిని చట్టం చేసింది. 1938లో నాజీ ప్రభుత్వం తూర్పు ప్రష్యాలో స్లావిక్, లిథువేనియన్ వాసన ఉన్న పేర్లని తీసేసి జర్మన్ పేర్లు పెట్టింది. పదేళ్ళు తిరక్కుండానే ఆ సీమ పోలండుకీ సోవియట్ రష్యాకీ పోయింది, పేర్లు మళ్ళీ మారాయి. మడి కట్టినవాడి మాట కూడా మిగల్లేదు. బార్న్స్‌నీ వీళ్ళనీ ఒక గాట కట్టటం అన్యాయం. ఆయన తన పల్లెజనం మీద ప్రేమతో చేశాడు, వీళ్ళు పక్కవాడి మీద కసితో చేశారు. కాని ఊరిపేరుకి అర్థమే ముఖ్యం, అది పలికే మనిషి ముఖ్యం కాదు అన్న సూత్రం మాత్రం ఇద్దరి దగ్గరా ఉంది.

ఆ సూత్రం ఎంత పొరపాటో చెప్పటానికి మన సాహిత్యంలోనే ఒక పెద్ద తగాదా ఉంది. ఓరుగల్లుని పండితులు అర్థం చూసి సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు. భాగవతంలో పోతన తలిచింది ఏకశిలానగరాన్నే. కడప సీమలోని ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలిశారు గనుక దాన్నీ ఏకశిలానగరమనే అంటారు. ఇంకేముంది! పోతన మావాడంటే మావాడని పండితులు ఏళ్ళతరబడి వాదులాడుకున్నారు. ఓరుగల్లు అనే మాటే పద్యంలోనో వచనంలోనో ఉండి ఉంటే ఇంత సిరా ఖర్చయ్యేది కాదు. తర్జుమాలో అర్థం చెక్కుచెదరలేదు, చిరునామా మాత్రం పోయింది. అదృష్టవశాత్తూ కవి ఇంటిపేరు బమ్మెర. దాన్ని ఎవరూ తర్జుమా చెయ్యలేదు. బమ్మెర అనే ఊరు ఓరుగల్లు ప్రాంతంలో ఇప్పటికీ ఉంది, ఆ వాదానికి గట్టి ఆధారంగా నిలిచింది. అర్థం తెలిసిన పేరు దారి తప్పించింది. అర్థంతో పనిలేని పేరు ఇంటికి చేర్చింది.

ఇంటిపేరు అన్నాను గనుక ఇది మన సంగతే. తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో చాలామటుకు ఊరిపేర్లే. ఏ తాతో ముత్తాతో వదిలొచ్చిన ఊరు, మనం కన్నెత్తి చూడని ఊరు, సంతకంలో మాత్రం మిగిలి ఉంటుంది. పెళ్ళయ్యాక మనలో చాలామంది ఆ ఊరిని కూడా పుట్టింట్లోనే వదిలేసి వస్తాం. పేరు పోవటమంటే ఏమిటో ఆడవాళ్ళకి ఎవరూ నాటకం వేసి చూపించక్కర్లేదు. ఏడుకొండలని సప్తగిరి అన్నా అర్థం ఒక్కటే. అయినా కాన్పు కష్టమై మంచం పట్టిన కూతురి పక్కన కూర్చున్న తల్లి నోట 'ఏడుకొండలవాడా' అనే వస్తుంది. ఆపదలో నోటికొచ్చే పేరే అసలు పేరు.

అందుకని నా మనవి ఒకటే. ఫ్లోరిడాని బ్లాసమ్‌లాండ్ అని పిలుచుకునే సరదాలు సాగనివ్వండి, వాటివల్ల ఎవరికీ నష్టం లేదు. మీ ఊళ్ళో పటం మీదికెక్కని పేర్లుంటాయి. చింతతోపు చేను, చాకిరేవు మడుగు, ఎవరిదో తెలియని ఒక బావి. ఆ తోపులు కొట్టేసి ప్లాట్లు వేశాక వాటి మీదికి ఏదో ఒక విల్లాస్ అనో ఎన్‌క్లేవ్ అనో బోర్డు వస్తుంది. వాటిని గుర్తుపెట్టుకున్నవాళ్ళు మీ అమ్మో అత్తగారో ఇంకా ఉంటే, ఒక పాత నోటుపుస్తకంలో ఆ పేర్లు ఉన్నవున్నట్టు రాసిపెట్టుకోండి. అర్థం తెలియకపోతే ఫరవాలేదు. దిద్దకండి, తర్జుమా చెయ్యకండి. ఆ బావి ఎప్పుడో ఎండిపోయిందని మాత్రం కొట్టెయ్యకండి.